ఇంట్లో చేసే పనికి రేటు ఎవరు కట్టాలి?

(మేడ్చల్, షామీర్‌పేట మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ప్రాంతంలో ఇంజనీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. కండ్లకోయ, మైసమ్మగూడ దారుల్లో పొద్దున పూట కాలేజీ బస్సులే కనిపిస్తాయి. ఆ బస్సులెక్కి చదువుకున్న అమ్మాయిల్లో కొందరు, పిల్లలు పుట్టాక రోజూ మాదాపూర్ దాకా పోయిరాలేక, ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని సొంతంగా సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నారు. వాళ్ల దగ్గరికి వచ్చేది పెద్ద కంపెనీలు కాదు. ప్రైవేటు స్కూలు, కోళ్ల ఫారం, ఫంక్షన్ హాలు. ఫీజుల లెక్క, గుడ్ల లెక్క, బుకింగుల లెక్క ఎవరికి కావలసినట్టు వాళ్లకు తయారుచేసి ఇవ్వాలి. ధర దగ్గరికి వచ్చేసరికే పేచీ.

"ఇంట్ల కూసోని చేసేదే గదమ్మా, ఆఫీసు కిరాయి లేదు, బస్సు ఖర్చు లేదు, పదిహేను వేలు తీసుకో" అంటాడు స్కూలు కరస్పాండెంటు. మర్యాదగానే అంటాడు.

ఈ మాట మనకు కొత్త కాదు. నిజామాబాద్, సిద్దిపేట వైపు బీడీలు చుట్టే అక్కలు ఎప్పటినుంచో వింటున్నదే. ఇల్లు ఆమెది, లైటు ఆమెది, నడుము నొప్పి ఆమెది. ఇవేవీ యజమాని ఖర్చులో పడవు. అయినా బీడీ కార్మికులకు 1966 నాటి చట్టం అండగా నిలిచింది. వెయ్యి బీడీలకు ఇంత అని రేటు ఉంది. బాగాలేవని తీసేసిన బీడీల మీద తగాదా పెట్టుకునే వీలు, 2025 దాకా అమల్లో ఉన్న ఆ చట్టంలోనే ఉండేది. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి దగ్గర పనిచేసేవారి కోసం 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. ఆమోదించినా, సొంతంగా పని పట్టుకునే మన అమ్మాయికి ఒరిగేది తక్కువే. నిజంగా స్వతంత్రంగా వృత్తి చేసుకునేవారిని అది తన పరిధిలోకి తీసుకోలేదు. కనీస వేతనమూ ఆమెకు వర్తించదు. కనుక తన కనీస రేటు తానే కట్టుకోవాలి.

ఎలాగో ఒక ఉదాహరణ చెప్తాను, ఎవరి అంకెలు వాళ్లు వేసుకోండి. ఇల్లు గడవడానికి నెలకు 30,000 కావాలనుకుందాం. కంప్యూటర్ అరుగుదల, కరెంటు, ఇంటర్నెట్ 3,000. ఉద్యోగంలో ఉంటే వచ్చే పీఎఫ్, సెలవు జీతం, వైద్యం ఖర్చు ఇక్కడ ఎవరూ ఇవ్వరు, దానికి 7,000. మొత్తం 40,000. రోజుకు ఐదు గంటల చొప్పున 22 రోజులకు 110 గంటలు. ఐదేనా అంటారా? 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లకు దానికే రోజుకు 289 నిమిషాలు పడుతున్నట్టు తేలింది. మగవాళ్లకు 88. ఇక ఆ 110 గంటల్లోనూ బేరాలకు, ఫోన్లకు, బిల్లులకు, కొత్తది నేర్చుకోవడానికి 40 పోతాయి. మిగిలేది 70. నలభై వేలను 70తో భాగిస్తే గంటకు సుమారు 570.

స్కూలు ఫీజుల పనికి 80 గంటలు పడుతుందనుకుంటే 45,600. అనుకోనివి వస్తాయి, వచ్చి తీరతాయి. నాలుగో వంతు కలిపితే 57,000. పదిహేను వేలకు ఒప్పుకుంటే గంటకు 150 పడుతుంది. తక్కిన 42,000 ఆ కుటుంబం స్కూలుకు ఇచ్చిన విరాళం! ఇదయినా అడుగు రేటే. పని కష్టమైనదయితే ఇంకా ఎక్కువ అడగడంలో తప్పు లేదు.

బేరంలో తగ్గించాల్సి వస్తే పనిని తగ్గించండి, గంట రేటును కాదు. రసీదులు ఇప్పుడు, బస్సు ఫీజుల లెక్క వచ్చే ఏడు అనండి. ఏమేమి చేసిపెడతారో కాగితం మీద రాసి సంతకాలు చేయించండి. "ఇంకొక్క చిన్న మార్పు" అనేది బీడీల తీసివేత లాంటిదే, కాగితంలో లేనిదానికి వేరే రేటు. మూడో వంతు సొమ్ము ముందే పుచ్చుకోండి.

కాపీరైట్ సంగతి చాలామందికి తెలియదు. 1957 చట్టం ప్రకారం ఉద్యోగి రాసిన ప్రోగ్రాం యజమానిది. ఉద్యోగి కాని మనిషి రాసినది, రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప, మామూలుగా రాసినవారిదే. హక్కంతా తనకే కావాలని కరస్పాండెంటు అంటే దానికి వేరే వెల కట్టవచ్చు.

డబ్బు ఎగ్గొడితే? 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం సేవలకూ వర్తిస్తుంది. ఒప్పందంలో ఏం రాసుకున్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఉద్యమ్ నమోదు ఉచితం. మధ్యవర్తికి ఫీజు ఇవ్వకండి, పని మొదలుపెట్టక ముందే చేయించుకోండి.

ఒకరి రేటు ఒకరికి చెప్పుకోవడం ఇంకా ముఖ్యం. మేడ్చల్‌లో ఒకామె 50,000 అడిగితే, షామీర్‌పేటలో ఇంకొకామె పన్నెండు వేలకే ఇస్తుందని చెప్పి బెదిరిస్తారు. ఆ రెండో ఆమె ఉందో లేదో కూడా మనకు తెలియదు.

చివరగా మన సంస్థల సంగతి. పొదుపు సంఘాల లెక్కలకో, కౌన్సెలింగ్ కేసుల వివరాలకో సాఫ్ట్‌వేర్ కావలసివస్తే మనమూ "మన అమ్మాయే కదా, సేవ అనుకుని చేస్తుంది" అంటున్నాం. ప్రింటింగ్ ప్రెస్సు వాడిని అలా అడుగుతామా? వచ్చే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనల్లో ఈ పనికి ఒక పద్దు రాయండి. ఎంత రాయాలో ఆమెనే అడగండి.