వారధి సుంకము



న్యాయశాస్త్రమును, ఇంజనీరింగును, వాణిజ్యమును వేర్వేఱు శాలలలో అభ్యసించి నేఁడు పట్టభద్రులైన మీకందఱికిని సమముగా వర్తించు పాత వ్యాజ్యమొకటి ఈ ఒంటారియో చరిత్రలోనే కలదు. ఈరీ సరస్సును వీడిన నయాగరా నది మహావేగముతో పాఱుచోట, ఫోర్ట్ ఈరీకిని ఆవలియొడ్డునున్న బఫలోకును నడుమ, ప్రవాహమునకును మంచుగడ్డల తాఁకిడికిని ఎదురొడ్డి స్తంభములు నిలిపి, పోలిష్ వంశీయుఁడైన కాసిమీర్ గ్జోవ్‌స్కీ నిర్మించిన రైలు వంతెన 1873లో తెఱవఁబడెను. దానికి యజమాని ఇంటర్నేషనల్ బ్రిడ్జి కంపెనీ. దానిపై బండ్లు నడిపి సుంకము చెల్లించినవారిలో కెనడా సదరన్ రైల్వే కంపెనీ యొకటి.

సుంకము మితిమీఱినదని రైల్వేవారు వాదించిరి. వంతెన కంపెనీ వాటాదారులకు నూటికి 15 వంతున లాభము ముట్టుచున్నదని నిదర్శనము చూపిరి. ఆ వివాదము ఒంటారియో న్యాయస్థానములను దాటి, మన మద్రాసు హైకోర్టు తీర్పులపై అప్పీళ్లను సైతము విచారించుచుండిన లండను ప్రీవీ కౌన్సిలును చేరెను. 1883లో సెల్‌బోర్న్ ప్రభువు తీర్పు చెప్పుచు, సుంకము సమంజసమా కాదా యని విచారించునపుడు చూడవలసినది యజమాని కెంత లాభము తగునన్నది కాదనియు, చెల్లించువానినుండి ఎంత గైకొనుట తగునన్నదే యనియు నిర్ణయించి, ఆది నుండియు నష్టభయమునకు ఓర్చి వంతెన కట్టినవారి జమాఖర్చులను బాటసారి తిరుగవేయఁజూచుట అసంగతమని త్రోసిపుచ్చెను.

కంపెనీ గెలిచెను. అయినను ఆ సూత్రము యజమానికి కవచమే కాదు, అంకుశము కూడ: లాభము హెచ్చైనంతమాత్రమున సుంకము అన్యాయము కానట్లే, యజమాని నష్టపడినంతమాత్రమున అధికసుంకము న్యాయము కానేరదు. రేపు మీ వృత్తులలో మీరు గైకొను ఫీజును అట్టి సుంకమే. అప్పుచేసి చదివిన మీలో అనేకులకు, ఆ అప్పు తీరునంతగా ఫీజు రాబట్టుకొనుట సహజమైన హక్కుగా తోఁపవచ్చును. కాని మీ అప్పు మీ లెక్క. మీయొద్దకు వచ్చినవానికి ఒరిగిన మేలు ఎంతయో అంతయే వాని లెక్క.

ఆ 1883వ సంవత్సరము ముగియక మునుపే కెనడా సదరన్ రైలుమార్గమునకై నయాగరాపై వేఱొక వంతెన వెలసెను. ధనబలము గలవానికి అది సాధ్యము. రోగికిని, కక్షిదారునకును, ఈ దేశమునకు క్రొత్తగా వచ్చిన నిరుపేదకును రెండవ వంతెన లేదు. కావున వారినుండి గైకొను సుంకమును నిర్ణయించునపుడు, గత్యంతరము గలవాఁడు సంతోషముతో ఎంత ఇచ్చునో అంతకు మించి కోరకుఁడు. మీకు విజయమగు గాక!