దూరదేశపు సుంకము – కోనసీమ చెరువు



అమెరికా రాజకీయములతో కోనసీమ పల్లెకు పని యేమి యని పెద్దలు కొందఱు నన్నడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి నా ప్రసంగము.

అల్లవరము, ఉప్పలగుప్తము, కాట్రేనికోన మండలములలో ఒకప్పుడు వరి పండిన భూములు కొన్ని నేడు రొయ్యల చెరువులైనవి. అందు పెరుగునది వెనామీ రొయ్య. దాని పుట్టినిల్లు అమెరికా ఖండముల పడమటి సముద్రతీరము. మన దేశమున దీని పెంపకమునకు 2009లో అనుమతి లభించినది. తల్లిరొయ్యలను విదేశములనుండి, ముఖ్యముగ అమెరికానుండి, విమానములలో తెప్పింతురు. వాని పిల్లలు మన చెరువులలో పెరిగి, మంచులో గడ్డకట్టి, ఓడలెక్కి తిరిగి అమెరికాకే పోవును. మన రొయ్యలను అన్ని దేశములకంటె ఎక్కువగా కొనునది అమెరికాయే. కావున అక్కడ కలము కదలిన, ఇక్కడ చెరువుగట్టుమీద ధర కదలును.

2025లో ఆ కలము ఎట్లు కదలినదో వినుడు. ఏప్రిలు 2వ తేదీన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు మన సరకులపై నూటికి 26 వంతున దిగుమతి సుంకమును ప్రకటించెను. వారము తిరిగినంతనే దానిని తొంబది దినములు నిలిపి, 10 మాత్రముంచెను. ఆగస్టు 7న అది 25 అయ్యెను. మన దేశము రష్యా చమురును కొనుచున్నదను కారణముతో అదే నెల 27న మఱియొక 25 చేరి, మొత్తము 50 అయ్యెను. రొయ్యలపై వెనుకటినుండి యున్న ప్రత్యేక సుంకములు ఇందులో చేరలేదు. తరువాతి మార్పుల జోలికి నేను పోను. నా మాటకు ఈ అయిదు నెలలే చాలును.

వెనామీ పంటకాలము ఇంచుమించు మూడు నాలుగు నెలలు. వేసవి మొదట పిల్లను వదలిన రైతు పట్టుబడికి సిద్ధపడునప్పటికి లెక్క పలుమాఱులు తలక్రిందైనది. చెరువు కౌలు మాత్రము తగ్గలేదు. మేత ఖర్చు తగ్గలేదు. నీటిని చిలుకు ఏరియేటర్ల కరెంటు ఖర్చు తగ్గలేదు. ధాన్యమైన గాదెలో పోసికొని మంచిధరకు వేచియుండవచ్చును. రొయ్య వేచియుండదు. చెరువులో నున్నన్నాళ్లు మేత తినును. తెగులు సోకెనా, కొలది దినములలోనే చెరువంతయు పోవును. పట్టిన వెంటనే మంచు చేరవలెను. అందుచేత కొనువాడు చెప్పిన ధరకే ఇయ్యవలసి వచ్చును. "తుపానునైన ముందుగా చెప్పుదురండి, దీనికి ఆ కబురును లేదు" అని ఒక రైతు నాతో ననెను. సుంకపు అంకెకంటె, ఆ యంకె ఎప్పుడు మాఱునో తెలియకుండుటయే అతనిని ఎక్కువ నొప్పించినది.

ఈ సుంకములను కోరినవారును లేకపోలేదు. లూయిజియానా, టెక్సాసు తీరములలో సముద్రపు రొయ్యలను పట్టి బ్రదుకు జాలరులు, చెరువు రొయ్య చవుకగా వచ్చి తమ నోటికూడు తీయుచున్నదని చిరకాలముగా మొఱపెట్టుచున్నారు. 2005లో మన రొయ్యపై పడిన ప్రత్యేక సుంకము అట్టి మొఱల ఫలితమే. వారి బాధ అబద్ధము కాదు. అంతర్వేది జాలరికి చెప్పిన, ఆ బాధ వెంటనే తెలియును.

అయినను అమెరికా సామాన్యులందఱు సంతసించిరనుకొనవలదు. సుంకము కట్టునది అక్కడి దిగుమతి వర్తకుడు. ఆ భారములో కొంత అక్కడ కొని తినువానిపైనను, కొంత ఇక్కడి రైతుపైనను పడును. ఆ దేశపు రాజ్యాంగము సుంకములు విధించు అధికారమును ప్రజలెన్నుకొన్న కాంగ్రెసు అను శాసనసభకిచ్చినది. అధ్యక్షుడు 1977 నాటి అత్యవసర శాసనమును చూపి, ఆ సభనడుగకయే సుంకములు విధించెనని చిన్నవర్తకులు కొందఱు న్యాయస్థానమునకెక్కిరి. 2025 మే 28న అక్కడి అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానము వారి పక్షమున తీర్పిచ్చెను. వ్యాజ్యము అత్యున్నత న్యాయస్థానమువఱకు పోయెను. ఆ యక్టోబరు 1 మొదలు 43 దినములు, ఖర్చులకు సభ ఆమోదము కుదురక, ప్రభుత్వపు పనులు పలు నిలిచెను. లక్షలాది ఉద్యోగులకు జీతములు ఆగెను; బీదలకిచ్చు ఆహార సహాయము నవంబరులో చిక్కుపడెను. అక్టోబరు 18న "మాకు రాజులు వలదు" అను నినాదముతో ఎన్నో ఊళ్ల జనము వీథులలోనికి వచ్చిరి. 1773లో, తామెన్నుకొనని సభ వేసిన పన్నును నిరసించి, బోస్టను రేవున తేయాకు పెట్టెలను నీటిపాలు చేసిన దేశమే అది.

మనకును అట్టి చరిత్ర కలదు. 1921లో చీరాల పేరాల ప్రజలు, తమ ఇష్టమునకు మాఱుగా పురపాలక సంఘమును పెట్టి పన్నులు పెంచినందులకు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల పాకలలో నెలల తరబడి కాపురముండిరి. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు, గిట్టుబాటు ధర లేదని పొలములను బీడుపెట్టి పంట విరామము ప్రకటించిరి. రాష్ట్ర ప్రభుత్వము మోహన్ కందాగారి అధ్యక్షతన సంఘమును నియమించి కారణములను విచారింపవలసివచ్చెను. కోరినవన్నియు దొరకెనని నేననను. కాని తట్టుటకొక తలుపుండెను. లోపలనున్నవారికి మన ఓటు కావలసియుండెను.

వాషింగ్టనులో మనకట్టి తలుపు లేదు. అక్కడి జాలరికి కలదు, వర్తకునికి కలదు, అల్లవరపు రైతుకు లేదు. కావున ఆ దేశమును ఎంత తిట్టినను ఆ మాట చెరువుగట్టు దాటదు. మనము తట్టవలసిన తలుపులు అమరావతిలోను, ఢిల్లీలోను ఉన్నవి. ఒక్క గ్రాహకునినే నమ్ముకొనక ఇతర దేశములలో సంతలు వెదకుడని అడుగవలెను. మన నగరములకు తాజా రొయ్యను చేర్చు శీతల గిడ్డంగులను, బండ్లను అడుగవలెను. పరాయిదేశపు ఆజ్ఞచేత ధర కూలిననాడు చిన్నరైతును నిలుపు నిధిని అడుగవలెను. పంచాయతీలో తీర్మానించి, కాగితముమీద వ్రాసి, బదులు వచ్చువఱకు అడుగవలెను.

పెద్దలకు ఇంకొక్క మాట మనవి చేయుదును. మీ ఇంటి యువకుడు మఱియొక వరిచేనును చెరువుగా త్రవ్వింపదలచినప్పుడు, ఎకరమునకు ఎంత మిగులునని మాత్రమే అడుగవలదు. కొనువాడెవడు, వాడు మానిన ఇంకెవడు కొనును అని అడుగుడు. ఆ రెండవ ప్రశ్నకు బదులు దొరకినప్పుడే గట్టు వేయుడు.