మోకాలు మార్పించుకునే ముందు

(సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



సంఘంలో ఎవరైనా అప్పు అడిగితే ఎందుకు, ఎంత, ఎలా కడతావు అని అడిగాకే తీర్మానం రాస్తాం. మోకాలు మార్పించుకునే ముందు కూడా అంత గట్టిగానే అడగాలి. ముఖ్యంగా కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్లు. ఈ జబ్బు మగవాళ్లకన్నా మన ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కీళ్ల మీద తిరగబడుతుంది. దాన్ని అణచడానికి వాడే మందుల్లో కొన్ని క్రిములతో పోరాడే బలాన్నీ తగ్గిస్తాయి. అందుకే ఆపరేషన్ తర్వాత చీము పట్టే ప్రమాదం వీళ్లకి ఎక్కువ. లోపల పెట్టిన లోహానికి రక్తం అందదు. క్రిమి దాన్ని పట్టుకుంటే మందు పనిచేయడం కష్టం. ఒక్కోసారి ఆ కీలు తీసి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది.

అలాగని భయపడి మంచాన పడటమూ నష్టమే. కీళ్లవాతం ఉండి మోకాలు మార్పించుకుని, నొప్పి తగ్గి నడుస్తున్నవాళ్లు ఎంతోమంది. కాబట్టి నాలుగు సంగతులు తేల్చుకుందాం.

ఒకటి, మందులు. నాటు మందుతో సహా వాడేవన్నీ డాక్టరుకు చూపించాలి. రోజూ వేసుకునే స్టిరాయిడ్ మనంతట మనం మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. మెథోట్రెక్సేట్ సాధారణంగా ఆపరు. బయలాజిక్ ఇంజెక్షన్లయితే డోసు చూసి ఆపరేషన్ తేదీ పెడతారు. అందుకే వాతం డాక్టరు, ఎముకల డాక్టరు ఒక మాట మీద ఉండాలి.

రెండు, షుగర్ అదుపులో ఉందా? పంటిలో చీము, కాలి మీద పుండు, మూత్రంలో మంట ఉన్నాయా? ముందు అవి నయం కావాలి.

మూడు, ఖర్చు. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా రాయించుకోవాలి. అప్పు లెక్కలో ఫిజియోథెరపీ, పనికి పోలేని రోజులు కూడా కలపాలి.

నాలుగు, తర్వాతి జాగ్రత్త. ఎరుపు, వాపు, జ్వరం, చీము కనిపిస్తే ఊళ్లో బిళ్లలు మింగి ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే పోవాలి. ఏళ్ల తర్వాత వచ్చినా ఇదే మాట.

నిర్ణయం ఆ సభ్యురాలిదే. కానీ ఆసుపత్రికి ఆమె ఒక్కతే పోకూడదు. మందుల చీటీలు పట్టుకుని సంఘం నుంచి ఒకరం తోడు వెళ్దాం. ఈ నాలుగు సంగతులూ వచ్చే నెల గ్రామ సంఘాల సమావేశాల్లో చదివి వినిపించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.