సహనం కాదు, హక్కు: జేమ్స్ మాడిసన్ వ్యక్తిత్వం, నాయకత్వం

(ప్రసంగ పాఠం)



మైనారిటీ హక్కుల సభలో అమెరికా రాజ్య స్థాపకుడొకరి ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఆ దేశ ప్రభుత్వాలు ముస్లిం ప్రపంచం పట్ల వ్యవహరించిన తీరు మనకు తెలియనిది కాదు. అయినా ఈ విషయాన్ని ఎంచుకోవడానికి మాకొక కారణముంది. అల్పసంఖ్యాకులు తమ ధర్మాన్ని ఆచరించడం అధికసంఖ్యాకుల దయాదాక్షిణ్యమా, లేక మనిషి అయినందువల్లనే సంక్రమించిన హక్కా అనే ప్రశ్నకు రాజ్యాంగ భాషలో స్పష్టమైన సమాధానం రాసినవారిలో జేమ్స్ మాడిసన్ ముందువరుసలో ఉంటాడు. విశేషమేమంటే ఆయన అల్పసంఖ్యాకుడు కాడు. అధికార మతంలో పుట్టినవాడు, సంపన్న భూస్వామి కుమారుడు. తనకు ఏ బాధా లేనిచోట ఇతరుల బాధను గుర్తించిన మనిషి. అదే మనిషి మరొకచోట, తన ఇంటిలోనే ఉన్న ఘోరమైన అన్యాయాన్ని తొలగించలేకపోయాడు. ఆ రెండు పార్శ్వాలనూ మీ ముందుంచడమే మా ఉద్దేశం.

మాడిసన్ 1751 మార్చి 16న వర్జీనియాలో జన్మించాడు. పొట్టి మనిషి, బలహీనమైన శరీరం, సభలో వెనుక వరుసకు వినిపించనంత సన్నని గొంతు. మహావక్త కాడు, సేనాపతి కాడు. ఆయన బలమంతా అధ్యయనంలోనే ఉంది. ఏ చర్చకైనా అందరికంటే ఎక్కువ చదివి, అందరికంటే ముందుగా సిద్ధమై వచ్చేవాడు. 1787లో ఫిలడెల్ఫియా రాజ్యాంగ సభకు మిగతావారికంటే ముందే చేరుకుని, సమావేశాలు జరిగినన్నాళ్లూ చర్చలను స్వహస్తాలతో నమోదు చేశాడు. అక్కడ ఎవరేమి వాదించారో నేడు ప్రపంచానికి తెలిసింది ప్రధానంగా ఆ రాతల వల్లనే.

ఆనాటి వర్జీనియాలో ఇంగ్లండు చర్చి అధికారిక చర్చి. దాని పాదరీల పోషణకు ప్రజలు పొగాకు రూపంలో పన్ను చెల్లించేవారు. బాప్టిస్టులు ఆ చర్చికి చెందనివారు. అనుమతి పత్రం లేకుండా బోధించారన్న కారణంతో వారి బోధకులను చెరసాలలో పెట్టేవారు. 1774 జనవరిలో, ఇరవై రెండేళ్ల మాడిసన్ ఫిలడెల్ఫియాలోని తన మిత్రునికి ఒక లేఖ రాశాడు. పొరుగు కౌంటీ జైలులో ఐదారుగురు బోధకులు కేవలం తమ మతాభిప్రాయాలను ప్రకటించినందుకు బందీలుగా ఉన్నారని, ఈ దుర్మార్గం గురించి వాదించి వాదించి తన ఓర్పు నశించిందని అందులో వాపోయాడు. ఆ బందీలు ఆయన మతశాఖవారు కారు. వారి విశ్వాసాలతో ఆయనకు ఏకీభావమూ లేదు. అన్యాయం జరుగుతున్నది ఎవరికి అని కాక, జరుగుతున్నది అన్యాయమా కాదా అని మాత్రమే ఆయన చూశాడు.

రెండేళ్ల తరువాత వర్జీనియా బ్రిటన్ నుండి విడిపోతూ హక్కుల ప్రకటన రూపొందించుకుంది. దాని చిత్తును జార్జ్ మేసన్ రాశాడు. మతం విషయంలో పౌరులందరికీ సంపూర్ణ సహనం లభించాలన్నది అందులోని మాట. ఆ కాలానికి అది ఎంతో ఉదారమైన వాక్యమే. కానీ ఇరవై ఐదేళ్ల మాడిసన్‌కు ‘సహనం’ అనే పదమే అభ్యంతరకరంగా తోచింది. సహించేవాడొకడు, సహింపబడేవాడొకడు ఉన్నప్పుడు వారిద్దరూ సమానులెలా అవుతారు? ఈనాడు సహించినవాడు రేపు సహించననవచ్చు. అందుకే ఆయన సవరణ ప్రతిపాదించాడు. అంతరాత్మ ప్రబోధం మేరకు మతాన్ని స్వేచ్ఛగా ఆచరించడానికి మనుషులందరూ సమానంగా హక్కుదారులన్న భావం ఆ స్థానంలో చేరింది. 1776 జూన్ 12న సభ ఆ ప్రకటనను ఆమోదించింది. మతం పేరిట ఎవరికీ ప్రత్యేక ప్రయోజనాలుండరాదన్న ఆయన మరో ప్రతిపాదన మాత్రం నెగ్గలేదు. దొరికినదానిని నిలుపుకుని, దొరకనిదాని కోసం ఆయన పదేళ్లపాటు ఓపికగా పనిచేశాడు.

ఆ పరీక్ష 1784లో వచ్చింది. స్వాతంత్ర్య యుద్ధకాలంలో చర్చి పన్ను నిలిచిపోయింది. యుద్ధానంతరం క్రైస్తవ బోధకుల పోషణకు కొత్తగా పన్ను విధించే బిల్లు శాసనసభ ముందుకు వచ్చింది. దానిని బలపరచినవాడు పాట్రిక్ హెన్రీ, ఆనాటి మహావక్త. పైకి ఆ బిల్లు ఎంతో మెత్తగా కనిపించేది. తన పన్ను ఏ క్రైస్తవ శాఖకు చేరాలో చెల్లించేవాడే నిర్ణయించుకోవచ్చు. ఏ శాఖ పేరూ చెప్పనివారి సొమ్ము విద్యకు వెళుతుంది. ఇందులో తప్పేముందని పెద్దలెందరో అనుకున్నారు. జార్జ్ వాషింగ్టన్ సైతం 1785లో రాసిన ఒక లేఖలో, యూదులో, ముస్లింలో ఎవరైనా తాము క్రైస్తవులం కామని ప్రకటించుకుంటే వారికి మినహాయింపు దొరుకుతుంది కదా అన్న అభిప్రాయం వ్యక్తం చేశాడు. అది మంచి మనసుతో అన్న మాటే.

మాడిసన్ దృష్టి ఇంకా లోతుకు వెళ్లింది. మినహాయింపు కోరుకోవలసిన స్థితిలో ఉన్నవాడు ఇతరులతో సమానమైన పౌరుడు కాడు. తన విశ్వాసాన్ని అధికారి ముందు ప్రకటించి, నాకు వెసులుబాటు ఇవ్వండని అడిగిన క్షణంలోనే అతడు ఒక మెట్టు దిగిపోయాడు. 1785 వేసవిలో శాసనసభకు సమర్పించడానికి మాడిసన్ పదిహేను అంశాలతో ఒక విజ్ఞాపన రాశాడు. ఆ బిల్లు కొందరిని సమాన పౌరసత్వపు అంతస్తు నుండి దించివేస్తుందని అందులో తేల్చి చెప్పాడు. ఇతర మతాలను కాదని క్రైస్తవాన్ని నిలబెట్టగల అధికారానికి, ఇతర శాఖలను కాదని ఒక్క క్రైస్తవ శాఖను నిలబెట్టడం కూడా అంతే సులువని హెచ్చరించాడు. మూడు పెన్నీలు బలవంతంగా వసూలు చేయగల అధికారం రేపు దేనినైనా బలవంతం చేయగలదని, కనుక స్వేచ్ఛపై తొలి ప్రయోగం జరిగినప్పుడే మేలుకోవాలని వాదించాడు. రాజ్యం ఆసరా ధర్మానికి మేలు చేయదని కూడా చెప్పాడు. పదిహేను శతాబ్దాల అనుభవంలో ఆ ఆసరా మతగురువులకు గర్వాన్ని, సోమరితనాన్ని, సామాన్యులకు అజ్ఞానాన్ని, బానిస భావాన్ని మిగిల్చిందన్నది ఆయన నిర్ధారణ. సత్యం తన బలం మీద తాను నిలబడగలదని నమ్మినవాడు ఖజానా తాళాల కోసం వెతకడు.

ఆయన నాయకత్వ తీరును ఇక్కడ మనం గమనించాలి. ఆ విజ్ఞాపనపై ఆయన తన పేరు రాయలేదు. అది తన రచనేనని చాలా ఏళ్ల తరువాత గానీ అంగీకరించలేదు. పత్రం ఊరూరా తిరిగింది. దానిపై సుమారు 1,500 సంతకాలు చేరాయి. బైబిలు విశ్వాసాన్ని ఆధారం చేసుకుని అదే బిల్లును వ్యతిరేకించిన మరొక విజ్ఞాపనకు అంతకు మూడు రెట్ల సంతకాలు వచ్చాయి. మొత్తం మీద పది వేల మందికి పైగా ఆ బిల్లును కాదన్నారు. మాడిసన్ కారణాలు వేరు, బాప్టిస్టుల కారణాలు వేరు. కారణాలు కలవకపోయినా కార్యం కలిసింది. ఎవరి పత్రం గొప్పదన్న పోటీ వారి మధ్య రాలేదు. బిల్లు ఓటింగు వరకు కూడా రాకుండానే మరుగున పడింది.

అంతటితో ఆయన ఆగలేదు. థామస్ జెఫర్సన్ 1777లో రాసి, 1779లో సభ ముందుకు వచ్చినా ఆమోదం పొందని మత స్వేచ్ఛా శాసనాన్ని బయటకు తీశాడు. జెఫర్సన్ అప్పుడు ప్యారిస్‌లో రాయబారిగా ఉన్నాడు. మాడిసన్ దానిని 1786 జనవరిలో చట్టంగా ఆమోదింపజేశాడు. పీఠికలో యేసుక్రీస్తు పేరు చేర్చాలన్న ప్రతిపాదనను సభ తిరస్కరించింది. క్రైస్తవులతో పాటు యూదులు, ముస్లింలు, హిందువులు, ఏ మతమూ లేనివారు అందరూ ఆ శాసనపు రక్షణలోకి వస్తారనడానికి ఆ తిరస్కరణే నిదర్శనమని జెఫర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ చట్టం తనదని జెఫర్సన్ సమాధి ఫలకం ప్రకటిస్తుంది. దానిని గెలిపించిన మనిషి మాత్రం పేరు కోసం పాకులాడలేదు.

తరువాతి ఘట్టం మాట నిలుపుకోవడానికి సంబంధించినది. 1787 నాటి రాజ్యాంగం ప్రభుత్వ పదవులకు మతపరమైన అర్హతను నిషేధించింది కానీ, అందులో హక్కుల పట్టిక లేదు. కాగితం మీది గీతలు బలవంతులైన అధికసంఖ్యాకులను ఆపలేవన్న సందేహంతో మాడిసన్ తొలుత ఆ పట్టికపై ఆసక్తి చూపలేదు. బాప్టిస్టులు ఆందోళన చెందారు. 1789 ఎన్నికలలో జేమ్స్ మన్రోపై పోటీచేసిన మాడిసన్ హక్కుల సవరణలకు పూనుకుంటానని వారికి మాట ఇచ్చి, 336 ఓట్ల ఆధిక్యంతో గెలిచాడు. ఎన్నికల ముందరి మాటలు ఎన్నికల తరువాత ఏమవుతాయో మనకు అనుభవమే. ఆయన మాత్రం అదే ఏడాది జూన్ 8న, ఇప్పుడెందుకని సహచరులు విసుక్కుంటున్నా, సవరణలను సభ ముందుంచాడు. 1791 డిసెంబరు 15న అవి అమలులోకి వచ్చాయి. రాష్ట్రాలు కూడా అంతరాత్మ హక్కును ఉల్లంఘించరాదన్న ఆయన ప్రతిపాదనను సెనేటు తొలగించింది. తత్ఫలితంగా మసాచుసెట్స్‌లో అధికారిక చర్చి 1833 వరకు కొనసాగింది. మతాచరణ స్వేచ్ఛను రాష్ట్రాలు సైతం పాటించి తీరాలని సుప్రీంకోర్టు చెప్పింది 1940లో. సకాలంలో దక్కని హక్కు కోసం తరాలు ఎలా ఎదురుచూస్తాయో ఈ తేదీలు చెబుతాయి.

భావాలు మనుషులను మార్చగలవని కూడా ఈ చరిత్ర చూపుతుంది. మినహాయింపు చాలునన్న వాషింగ్టన్, అధ్యక్షుడయ్యాక 1790లో న్యూపోర్ట్ యూదులకు లేఖ రాశాడు. ఒక వర్గం అనుగ్రహం వల్ల మరొక వర్గం తన సహజ హక్కులను అనుభవిస్తున్నట్లుగా సహనం గురించి మాట్లాడే రోజులు పోయాయన్నది ఆ లేఖ సారాంశం. మాడిసన్ పట్టుబట్టిన తేడా అధ్యక్షుని కలంలోకి చేరింది.

ఇక రెండవ పార్శ్వం. దానిని దాచి ఆయనను పొగడడం న్యాయం కాదు. మాడిసన్ నూరుమందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. 1783లో బిల్లీ అనే బానిస యువకుని వర్జీనియాకు తిరిగి తీసుకురాదలచుకోలేదని ఆయన తండ్రికి రాశాడు. మనం ఇంత రక్తం ధారపోసి సంపాదించుకున్న స్వేచ్ఛనే కోరుకున్నందుకు అతనిని ఎందుకు శిక్షించాలని అడిగాడు. అంత స్పష్టంగా చూసినవాడు 1836లో మరణించేనాటికి కూడా తన బానిసలను విడుదల చేయలేదు. వీలునామాలో భార్యకు అప్పగించాడు. ఆయన సేవకుడు పాల్ జెన్నింగ్స్ తదనంతర కాలంలో స్వేచ్ఛ పొంది, 1865లో యజమాని గురించి తన జ్ఞాపకాలను ప్రచురించాడు.

ఈ విషయం మనకు మరింత దగ్గరిది. ఏనాడో రాబోయే ముస్లిం పౌరుని హక్కుల గురించి ఆ పెద్దలు చర్చిస్తున్నప్పుడు, ఆఫ్రికా నుండి బలవంతంగా తీసుకురాబడిన ముస్లింలు వారి పొలాలలోనే చాకిరీ చేస్తున్నారు. వాషింగ్టన్ ఆస్తికి సంబంధించిన 1774 పన్నుల జాబితాలో ‘ఫాతిమర్’, ‘చిన్న ఫాతిమర్’ అనే ఇద్దరు స్త్రీల పేర్లున్నాయి. ఫాతిమా అన్న మన బిడ్డల పేరే అక్కడ ఆ రూపంలో నమోదైందని చరిత్రకారులు భావిస్తారు. ఉత్తర కరోలినాలో బానిసగా ఉన్న ఉమర్ బిన్ సయీద్, క్రైస్తవ చర్చిలో చేరినట్లు నమోదైనప్పటికీ, 1831లో అరబీలో తన జీవిత కథ రాస్తూ సూరహ్ ముల్క్‌తో ప్రారంభించాడు. సర్వాధిపత్యం అల్లాహ్‌దేనని చాటే సూరహ్ అది. మనిషిని మనిషి సొంతం చేసుకున్న చోట ఆ అక్షరాలు రాయడానికి ఎంత గుండెధైర్యం కావాలో ఆలోచించండి. అప్పటికి మాడిసన్ ఇంకా జీవించే ఉన్నాడు.

కనుక ఆయనను ఆదర్శమూర్తిగా నిలబెట్టమని మేము అనడం లేదు. ఆయన చెప్పిన సూత్రం ఆయనకంటే పెద్దది. ఆయన నుండి తీసుకోదగినవి తీసుకుందాం, ఆయన వైఫల్యం నుండి కూడా నేర్చుకుందాం.

మన రాజ్యాంగం 25వ అధికరణలో అంతరాత్మ స్వేచ్ఛకు, మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకోవడానికి వ్యక్తులందరూ సమాన హక్కుదారులని చెబుతుంది. ఏ ఒక్క మతం పోషణ కోసమూ ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ నిర్బంధించరాదని 27వ అధికరణ అంటుంది. ఇక్కడ కూడా రాజ్యాంగం వాడిన మాట హక్కే. అయినా మన విజ్ఞప్తులను ఒకసారి తిరిగి చదువుకుందాం. ఖబరస్తాన్ స్థలం కోసం, విద్యార్థుల స్కాలర్‌షిప్ కోసం, మూతపడిన ఉర్దూ తరగతి కోసం రాసే అర్జీలలో ‘తమరు కరుణించి’ అని మొదలుపెడతాం, ‘తమ దయకు పాత్రులం’ అని ముగిస్తాం. మర్యాద వేరు, యాచన వేరు. అర్జీలో మర్యాద ఉండాలి, దానితో పాటు చట్టం పేరు, అధికరణ సంఖ్య, జవాబు ఇవ్వవలసిన గడువు ఉండాలి. కోరేవాడు భిక్షువు కాదు, పౌరుడు.

రెండవ మాట, చిన్న ఉల్లంఘన జరిగినప్పుడే నోరు విప్పాలి. మూడవది, మనతో అన్నింటా ఏకీభవించని వారితో కూడా ఒక న్యాయమైన కోరిక మీద కలిసి సంతకం చేయగలగాలి. నాలుగవది అన్నిటికంటే కష్టమైనది. బందీలైన బాప్టిస్టుల కోసం ఆ యువకుడు ఎలా కలత చెందాడో, అలాగే దళితునికో, క్రైస్తవునికో, ఆదివాసీకో, మన మధ్యనే ఉన్న మరొక చిన్న సమూహానికో అన్యాయం జరిగినప్పుడు మనం కలత చెందాలి. మన ఇళ్లలో స్త్రీల వారసత్వ వాటా గురించి, మన దుకాణాలలో పనివారి కూలి గురించి కూడా అదే కొలబద్ద వాడాలి. సభలో హక్కు గురించి మాట్లాడి ఇంటిలో దానిని మరచిపోయిన మనిషి ఎలా మిగిలిపోతాడో మాడిసన్ జీవితం మనకు చూపింది.

మనకు కావలసింది ఒకరి సహనం కాదు, అందరితో సమానమైన హక్కు. మనం ఇతరులకు ఇవ్వవలసింది కూడా అదే. ఆ న్యాయబుద్ధిని, స్థైర్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.