పైన పటారం, లోన లొటారం కాకుండా



ఇంజిన్ విప్పి మళ్ళీ బిగించేటప్పుడు బ్లాకుకి రంగు వేస్తారు కదా, ఆ రంగు లోపలి భాగాల్లోకి పోకుండా ఎలా చూసుకోవాలి అన్నది ఇవాళ్టి విషయం. సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుకి ఇంజిన్‌తో ఏం పని అని మీకు అనిపించవచ్చు. నేనుండేది జర్మనీలో, స్టుట్‌గార్ట్ దగ్గర. ఇక్కడ గంటల లెక్కన అద్దెకిచ్చే వర్క్‌షాపులుంటాయి. వాటిని మీట్‌వెర్క్‌ష్టాట్ అంటారు. లిఫ్టు, పనిముట్లు వాళ్ళవి, చాకిరీ మనది. నా శనివారాలన్నీ అక్కడే గడుస్తాయి. ఆదివారం మాత్రం సుత్తి ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ రోజు చప్పుడు చేస్తే ఇరుగుపొరుగు ఊరుకోరు, చట్టమూ ఊరుకోదు.

నేను పని చేస్తున్న బండి 1982 నాటి మెర్సిడెస్ 240 డి. అందులో ఉన్నది ఓఎం 616 అనే నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఈ పేరు మీరు విని ఉండకపోవచ్చు గాని దాని చప్పుడు తప్పకుండా విని ఉంటారు. ఇదే ఇంజిన్‌ని బజాజ్ టెంపో వాళ్ళు లైసెన్సు తీసుకుని మన దేశంలో తయారుచేశారు. మన పల్లెటూళ్ళలో పదిమంది లోపల, నలుగురు వెనకాల వేలాడుతూ తిరిగిన ట్రాక్స్ జీపుల్లో ఉన్నది ఆ ఇంజినే. ఇక్కడ ముచ్చటగా దాచుకునే వస్తువు, అక్కడ కుటుంబాలకి కూడు పెట్టిన వస్తువు.

జర్మనీలో 30 ఏళ్ళు దాటిన బండి మంచి స్థితిలో ఉంటే నంబరు చివర 'హెచ్' అక్షరం ఇస్తారు. 1997 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఆ అక్షరం వస్తే కారుకి ఏడాదికి పన్ను 191 యూరోల 73 సెంట్లు, అంతే. పాత డీజిల్ బండికి ఇది పెద్ద ఊరట. అయితే దానికోసం తనిఖీ ఇంజనీరు బండిని పైకెత్తి చూస్తాడు. నూనె కారుతూ కనబడితే ఒప్పుకోడు. అందుకే చాలామంది ఇంజిన్‌ని తళతళలాడేలా చేయాలని తాపత్రయపడతారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

చిక్కేమిటంటే, పోత ఇనుముకి బయట ఒక అవసరం, లోపల దానికి సరిగ్గా ఎదురు అవసరం. లోపల సిలిండర్ గోడల మీద నూనె పొర లేకపోతే కొన్ని గంటల్లో తుప్పు పడుతుంది. బయట చిటికెడు నూనె ఉన్నా రంగు పట్టదు. ఈ రెండిటి మధ్య గోడ కట్టడమే అసలు పని. రంగు పూయడం అందులో నాలుగో వంతు కూడా కాదు.

ఇంత జాగ్రత్త దేనికి అంటారేమో. క్రాంకుకీ దాని బేరింగు షెల్స్‌కీ మధ్య వదిలే సందు సుమారుగా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ప్రైమరు, దాని మీద రెండు పూతలు కలిపితే వచ్చే రంగు మందం అంతకంటే ఎక్కువే. అంటే గోరంత పెచ్చు ఊడినా ఆ సందులో పట్టదు. "మధ్యలో ఆయిల్ ఫిల్టరు ఉంది కదా, అది ఆపదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. పెచ్చు ముందుగా చేరేది ఫిల్టరుకి కాదు, ఛాంబరులో పంపు నోటికి ఉండే జల్లెడకి. జల్లెడ మూసుకుపోతే పంపుకి నూనె అందదు. ఇక ఫిల్టరు మూసుకుపోయినా, చలికి నూనె చిక్కబడినా, బైపాస్ వాల్వు తెరుచుకుని వడకట్టని నూనెనే లోపలికి పంపిస్తుంది. నూనె అసలు లేకపోవడం కంటే మురికి నూనె నయమని అలా పెట్టారు.

ఇది పుస్తకాల్లో చదివి చెబుతున్న సంగతి కాదు. 1996లో మా మామయ్యకి ఒక లారీ ఉండేది. ఫైనాన్సు మీద తీసుకున్నది. ఇంజిన్ పని చేయించాడు. ఆ షెడ్డు పేరు ఇప్పుడు అనవసరం. బ్లాకు బయటా లోపలా వెండి రంగు కొట్టి, కొత్త పెళ్ళికొడుకులా అప్పజెప్పారు. లోపల కొట్టినది సరిగా తుడవని నూనె మరకల మీద. మిర్చి లోడుతో బయల్దేరి సూర్యాపేట దాటకముందే ఆయిల్ ప్రెషరు ముల్లు పడిపోయింది. డ్రైవరు చూసి ఆపేసరికి క్రాంకు గీతలు పడిపోయింది. ఛాంబరు విప్పితే జల్లెడ నిండా వెండి పొలుసులు. మళ్ళీ క్రాంకు గ్రైండింగు, మళ్ళీ షెల్స్, బండి నిలబడిపోయిన నెలల వాయిదాలు. అత్తయ్య గాజులు ఆ ఏడాది తాకట్టుకి వెళ్ళాయి. పైన పటారం, లోన లొటారం అనే సామెతకి అంతకంటే ఖరీదైన ఉదాహరణ నేను చూడలేదు.

అమెరికాలో కొందరు రేసు ఇంజిన్లవాళ్ళు గ్లిప్టాల్ లాంటి, నూనెకి కరగని ఎనామిల్‌ని కావాలనే లోపలి గోడలకి వేస్తారన్న మాట నిజమే. ఇనుము పరమ శుభ్రంగా ఉంటే అది నిలుస్తుంది. నలభై ఏళ్ళు నూనె తాగిన బ్లాకుని అంత శుభ్రం చేయడం కష్టం. మన అవసరానికి లోపల రంగు వద్దు.

ఇక పని వరుస చెబుతాను. మొదట రీబోరు, హోనింగు వంటి మెషీను పనులన్నీ అయిపోవాలి. ఇసుకతో, గాజుపూసలతో బ్లాస్టింగు చేయించాలనే ఆలోచన మానుకోండి. ఆ గింజలు నూనె దారుల్లో ఇరుక్కుంటే ఎక్కడున్నాయో మనకి కనబడవు. తర్వాత నూనె దారుల చివర ఉండే ప్లగ్గులు విప్పి, పొడుగాటి బ్రష్షులతో, వేడి నీళ్ళూ సబ్బుతో కడగాలి. హోనింగు రాయి వదిలిన గరుకు పొడి పెట్రోలుతోనో డీజిల్‌తోనో పోదు, సబ్బు నీళ్ళకే లేస్తుంది. గాలి కొట్టి ఆరబెట్టి వెంటనే సిలిండర్లకి నూనె రాయండి. కడిగిన నీళ్ళు జర్మనీలో కాలువలోకి వదలకూడదు. నూనెని వేరుచేసే తొట్టి ఉన్న చోటే కడగాలి.

రెండోది మూత వేయడం. హెడ్డు కూర్చునే పైభాగానికి కాగితం టేపు ఒక్కటే చాలదు. పాత హెడ్ గ్యాస్కెట్టు పరిచి, దాని మీద ప్లైవుడ్ ముక్క పెట్టి బోల్టులతో బిగించండి. కింద ఛాంబరు వైపూ అంతే. మరలున్న ప్రతి రంధ్రంలో పాత బోల్టు ఒకటి తిప్పండి. మిగిలిన రంధ్రాలకి రబ్బరు బిరడాలు వేయండి. కాటన్ వేస్టు మాత్రం కుక్కవద్దు. దాని పోగులు లోపలే ఉండిపోతాయి, ఒక్కోసారి అది మొత్తంగా లోపలే మరిచిపోతారు. నేను నా వృత్తి అలవాటు కొద్దీ గోడకి ఒక కాగితం అంటించి, పెట్టిన మూతలన్నీ వరుసగా రాస్తాను. నా బ్లాకుకి 23 లెక్క తేలాయి. తీసేటప్పుడూ 23 రావాలి.

ఇంజిన్ నంబరు, భూమి తీగ బిగించే చోటు, గ్యాస్కెట్లు ఆనే ముఖాలు, బోల్టు తల కూర్చునే జాగా, వీటికి రంగు తగలకూడదు. బోల్టు తల కింద రంగు ఉంటే వేడికి అది నలిగి బిగువు తగ్గుతుంది.

మూడోది రంగు. మూతలన్నీ పడ్డాకే బయట బ్రేక్ క్లీనరుతో తుడవండి, తెల్ల గుడ్డకి మరక అంటనంతవరకు. ఆ పని తలుపులు తెరిచి, నిప్పుకి దూరంగా చేయాలి. తర్వాత బ్రష్షుతో పలుచగా రెండు పూతలు. మా వర్క్‌షాపులో స్ప్రే నిషేధం. మొదట విసుక్కున్నాను గాని, ఇంటి వాడకానికి బ్రష్షే మేలు. గాలిలో తుంపర ఉండదు కాబట్టి సందుల్లోకి దూరదు, ఊపిరితిత్తుల్లోకీ దూరదు. గట్టిపరిచే ద్రవం కలిపి వాడే రంగుల్లో చాలావాటిలో ఐసోసైనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెప్పించగలవు. ఐరోపాలో 2023 ఆగస్టు 24 నుంచి వాటితో పని చేసే ఉద్యోగులకి ముందుగా శిక్షణ తప్పనిసరి. మన ఊళ్ళలో ముక్కుకి రుమాలు కట్టుకుని అవే రంగులు కొట్టే కుర్రాళ్ళని తలుచుకుంటే గుండె తరుక్కుపోతుంది. అక్కడ మీకెవరైనా తెలిస్తే ఈ మాట చెప్పండి, సరైన మాస్కు కొనివ్వండి.

నాలుగోది చాలామంది వదిలేసే మెట్టు. రంగు తాకితే అంటుకోనంత ఆరాక, మూతలు తీయకముందే, అంచుల వెంట బ్లేడుతో సన్నగా గీయండి. ఊడే పెచ్చులు బయటే రాలిపోతాయి. అప్పుడు మూతలు తీసి, లెక్క చూసుకుని, నూనె దారులూ సిలిండర్లూ మళ్ళీ కడగండి. తెల్లగుడ్డకి నూనె రాసి సిలిండరులో తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. బూడిద రంగు వస్తున్నంతసేపూ పని కానట్టే. ఇంజిన్ నడిచాక 500 కిలోమీటర్లకే నూనె, ఫిల్టరు మార్చి, ఆ పాత ఫిల్టరుని కోసి మడతలు విప్పి చూడండి. రంగు పొలుసు ఒక్కటి కనబడినా ఛాంబరు దించి జల్లెడ చూడాల్సిందే.

పాత బండి కొనబోయే వాళ్ళకి చివరగా ఒక్క మాట. ఇల్లు అలకగానే పండగ కాదు. ఇంజిన్ మెరుస్తుంటే సంతోషించండి, కానీ లోపల ఎలా శుభ్రం చేశారో అడగండి. చేసినవాడు వివరంగా చెబుతాడు. చేయనివాడు రంగు ఎంత బాగుందో చూపిస్తాడు.