మాట మీద నిలబడేదే ప్రేమ



ప్రేమకు కులం లేదంటారు. మరి పెళ్లి మాటెత్తగానే కులం ఎక్కణ్ణుంచి ఊడిపడుతోంది? చేనుగట్టున చెప్పిన మాట వాడలో, నలుగురి ముందూ చెప్పాలి. ఇష్టపడ్డం తేలికే. భయమేసినప్పుడు మాట తప్పకపోవడమే కష్టం.

2018లో మిర్యాలగూడలో మన బిడ్డను, కడుపుతో ఉన్న భార్య కళ్లముందే నరికి చంపారు. కన్నతండ్రే చేయించాడని కేసు. అయినా ఆమె భర్త పక్షానే నిలబడింది. 2025లో శిక్షలు పడ్డాయి. పోయిన ప్రాణం రాలేదు.

1954 ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి 30 రోజులు ఆగాలి. ఆ నోటీసు ఆఫీసులో అందరికీ కనబడుతుంది. ఆ నెల రోజులే జంటకు గండం. అప్పుడు వాళ్ల వెంట ఎవరుంటారు? మనముండాలి.

మాల, మాదిగ పిల్లలు ప్రేమించుకుంటే మనమూ అడ్డుపడ్డంలేదా? ముందు మన గడప దగ్గరే మొదలుపెడదాం.