హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు సరిగ్గా పలుకుతున్నామా?

ఈ ఎపిసోడ్‌లో చిన్నదిగా కనిపించే ఒక పెద్ద విషయం మాట్లాడుకుందాం. క్లాసులో పిల్లల పేర్లు మనం సరిగ్గా పలుకుతున్నామా?

ముందు నా తప్పు చెబుతాను. నాది గోదావరి వైపు. పల్నాడులో రాజుపాలెం దగ్గర ఒక ఊరి బడికి కొత్తగా టీచరుగా వచ్చాను. హాజరు పట్టీలో పేర్లన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక అమ్మాయి పేరు దగ్గరికొచ్చి "సైడమ్మ" అని పిలిచాను. క్లాసంతా గొల్లుమంది. ఆ పిల్ల సైదమ్మ. అసలు పేరు మార్చి చెబుతున్నాను, కానీ అలాంటి పేరే. ఇంగ్లీషులో "డి" అనే అక్షరాన్ని ద అనీ చదవొచ్చు, డ అనీ చదవొచ్చు. నాకు తెలియదు సరే, అడగొచ్చు కదా? అడగలేదు. పైగా పిల్లలతో పాటు నేనూ నవ్వాను.

మర్నాటికి ఆ పిల్ల "సైడు" అయిపోయింది. "సైడివ్వండ్రా, సైడొస్తంది" అని మగపిల్లలు ఒకటే గోల. ఆ తర్వాత నేను పేరు పిలిస్తే జవాబు లేదు. తలెత్తి చూడకుండా ఆబ్సెంటు వేసుకుంటూ పోయాను.

ఒకరోజు వాళ్ళమ్మ వచ్చింది. మిరపకోతలకి పోయే మనిషి, ఆ రోజు కూలి మానుకుని వచ్చింది. "మా పిల్ల రోజూ బడికి వస్తానే ఉంది గదా సారూ, రావట్లేదని రాశారంట?" అంది. పిల్లని పిలిచి అడిగాను. తల దించుకుని, "అది నా పేరు కాదు సార్" అంది.

వాళ్ళమ్మ చెప్పింది: "ఇద్దరు పోయాక నిలిచిన పిల్ల సారూ. సైదులుకి మొక్కుకుని పెట్టుకున్న పేరు."

కృష్ణ అవతల, ఇప్పటి సూర్యాపేట జిల్లాలో జాన్‌పహాడ్ సైదులు దర్గా ఉంది. హిందువులూ ముస్లింలూ ఇద్దరూ అక్కడికి వెళ్తారు. అందుకే ఈ వైపు హిందువుల ఇళ్ళలో కూడా సైదులు, సైదమ్మ, సైదారావు కనిపిస్తారు. నరసరావుపేట దగ్గరి కోటప్పకొండ త్రికోటేశ్వరుడి పేరు మీద కోటయ్యలు, కోటేశ్వరమ్మలు ఉంటారు. ఒక మొక్కు, ఒక ఊరి నమ్మకం, ఒక తల్లి దుఃఖం అన్నీ ఆ పేరులో ఉన్నాయి. నేను దాన్ని నవ్వులాట చేశాను.

మర్నాడు క్లాసులో నిలబడి, "సైదమ్మా, నీ పేరు తప్పు పిలిచాను, తప్పు నాదే" అన్నాను. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పమన్నాను. మెల్లగా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆ వేళ "ప్రెజెంట్ సార్" అని గట్టిగా వినిపించింది.

టీచర్లకు నా మనవి మూడు మాటలు. ఒకటి, మొదటిరోజు పిల్లల చేతే వాళ్ళ పేరు చెప్పించండి, మీ పట్టీలో పక్కన తెలుగులో రాసుకోండి. ఇంగ్లీషు స్పెల్లింగులో ల-ళ, న-ణ, త-ట తేడాలు, దీర్ఘాలు పోతాయి. నాగుల్ మీరాని నగుల్ మీరా అని చదివేది అందుకే. రెండు, తండా నుంచి వచ్చే పిల్లల్ని "ఏయ్ నాయక్" అని పిలవకండి. వాళ్ళకీ ఒక్కొక్కరికి ఒక్కో పేరుంది. మూడు, తప్పు పలికితే వెంటనే సరిదిద్దుకోండి, నవ్వి వదిలేయకండి.

అమెరికా బడుల్లో చదివే మన పిల్లల్ని అడగండి. హాజరు పిలుస్తూ టీచరు ఒక్క క్షణం ఆగితే, ఇక వచ్చేది తమ పేరేనని వాళ్ళకు తెలిసిపోతుంది. అక్కడ మన పిల్లలకు జరిగితే బాధపడతాం. ఇక్కడ మనమే చేస్తే?

తల్లిదండ్రులకూ ఒక మాట. పేరు తప్పు పలుకుతుంటే మొహమాటపడకుండా టీచరుకి చెప్పండి. ఆ రోజు ఆ తల్లి రాకపోతే నేను ఇంకా ఆబ్సెంటే వేస్తూ ఉండేవాణ్ణి.

మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.